ఉత్తుత్తి గోల్స్

నాతో చదివిన శ్రీశైలం పంపిన ఫోటో చూడగానే నాకు దుఃఖం రాలేదు. ముందు వచ్చింది అసహ్యం. ఆ తర్వాత కూడా చాలాసేపు అదే ఉంది.

ఫోటోలో అన్న. కింద పసుపు అక్షరాల్లో 'శ్రద్ధాంజలి' అని, అటో దీపం, ఇటో దీపం. గుండెపోటట. తెల్ల చొక్కా, ఎర్ర గీతల టై. ఆ టై అన్నది కాదు, మేము చదువుకున్న కోచింగ్ సెంటర్ డైరెక్టర్‌ది. ఫోటో తీసే ముందు ఆయన తన మెడలోంచి తీసి అన్న మెడకు బిగించాడు. నేను పక్కనే నిలబడి చూశాను. తర్వాత అదే ఫోటో ఫ్లెక్సీ అయి దిల్‌సుఖ్‌నగర్‌లో మూడంతస్తుల మీద నుంచి వేలాడింది. 'గ్రాండ్ టెస్టుల్లో స్టేట్ ఫస్ట్' అని ఉండేది దాని కింద. ఇప్పుడు ఆ అక్షరాలు తీసేసి ఈ అక్షరాలు పెట్టారు. మనిషి పోయాక ఇంట్లోవాళ్ళకు అంతకంటే మంచి ఫోటో ఒక్కటీ దొరకలేదు కాబోలు.

పేరు రాయను. రాస్తే ఆ ఫ్లెక్సీ మళ్ళీ నా చేతులతో కట్టినట్టుంటుంది. మేమంతా అన్నా అనే పిలిచేవాళ్ళం. నాకంటే చాలా పెద్దవాడు. ఎంత పెద్దవాడో అప్పుడు మాకు తెలియదు, ఆయన చెప్పలేదు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ళతో దిల్‌సుఖ్‌నగర్ సందులు కిటకిటలాడేవి. పరీక్షలు మాత్రం ఉండేవి కావు. నోటిఫికేషన్ ఇదిగో అంటే అదిగో అనేవాళ్ళు, వచ్చిందనుకుంటే వాయిదా. అన్న, శ్రీశైలం కలిసి ఒక రూమ్‌లో ఉండేవారు. మా ఇల్లు వనస్థలిపురంలో. ఇంట్లో చదువు సాగదని పొద్దున్నే ఆ రూమ్‌కి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేవాణ్ణి. అంటే అన్నను పగలంతా భరించేవాణ్ణి.

భరించడమే. ఆయన మడమలు పగిలి ఉండేవి. చదువుతున్నంతసేపు పాత బ్లేడు ముక్కతో ఆ తోలు గీకేవాడు. గీకిందంతా పేపరు మీద పోసేవాడు. అదీ నేను కరెంట్ అఫైర్స్ కోసం దాచుకున్న పేపరు. గడ్డిఅన్నారం మార్కెట్ నుంచి బత్తాయిలు సంచితో తెచ్చి, మంచం మీద పడుకునే తింటూ, గింజలు గోడకేసి ఊసేవాడు. గోడ మీద ఎండిపోయిన గింజలు అక్కడక్కడా అతుక్కుని ఉండేవి. నా తువ్వాలు ఆయన తువ్వాలు కూడా. అడిగితే, "తువ్వాలకు లోకల్, నాన్ లోకల్ ఉంటదా తమ్మీ?" అనేవాడు.

మా నాన్న కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చి వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్నాడు. అన్నది పోచంపల్లి దగ్గర నేతపనివాళ్ళ ఇల్లు. బయట ఎన్ని నినాదాలు నడిచినా ఆయన నన్ను పరాయివాడిగా చూడలేదు. "నువ్వు గీడనే పుట్టినవ్. నువ్వు ఎవ్వలోడివో నోటిఫికేషన్ అచ్చినంక అప్లికేషన్ల లోకల్ కాలమ్ చెప్తది తియ్యి," అని నవ్వేవాడు. ఈ ఒక్క ముక్క ఆయన పక్షాన రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆయన మాటల్లో సగం 'థూ'. పప్పులో ఉప్పు తక్కువైతే థూ, కరెంటు పోతే థూ. అన్నిటికంటే పెద్ద థూ మాత్రం ఫుట్‌బాల్‌కి దాచుకున్నాడు.

గ్రూప్స్‌కి చదివే రూమ్‌లో ఫుట్‌బాల్ ఏంటని అడగొచ్చు. శ్రీశైలం కొన్నాళ్ళు కాల్ సెంటర్‌లో చేశాడు. అక్కడ అంటుకున్న జబ్బు మాకు తెచ్చి అంటించాడు. ఫాంటసీ ఫుట్‌బాల్ అంటే ఇంగ్లండ్‌లో నిజంగా ఆడేవాళ్ళలోంచి పదిహేను మందిని ఏరుకుని కాగితం మీద మనదొక టీమ్ కట్టుకోవడం. వాళ్ళు వారం వారం అక్కడ గోల్ కొడితే ఇక్కడ మనకు పాయింట్లు. ఒకణ్ణి కెప్టెన్ చేస్తే వాడి పాయింట్లు రెట్టింపు. నెట్ సెంటర్‌కి పోయి టీమ్ మార్చుకోవడం, వచ్చి కొట్లాడుకోవడం, ఇదీ మా వారం. ఇక్కడ బస్సులు ఆగిపోయేవి, పరీక్షలు ఆగిపోయేవి. అక్కడ మ్యాచ్ మాత్రం చెప్పిన టైముకి మొదలయ్యేది. మా బతుకుల్లో చెప్పిన టైముకి ఫలితం వచ్చేది అదొక్కటే.

ఆటగాళ్ళ పేర్లకు మాకు నోరు తిరిగేది కాదు. గుండోడు, పొడుగోడు, బొంగరం, జడలోడు, ఇలా పెట్టుకునేవాళ్ళం. సీజన్ మొదలయ్యేది ఆగస్టులో. దానికి ముందు నెలరోజులు టీములన్నీ దేశాల మీద తిరుగుతూ లెక్కలోకి రాని మ్యాచులు ఆడతాయి. అదే ప్రీసీజన్. అందులో బాగా ఆడినవాణ్ణి టీమ్‌లోకి తీసుకోవాలా వద్దా అన్నదే మా అసలు తగువు. నేను తీసుకోవాలనేవాణ్ణి. ఫామ్‌లో ఉన్నవాడు ఫామ్‌లో ఉన్నట్టే కదా అని నా వాదన. శ్రీశైలం ఎటు గాలి వీస్తే అటు. అన్న మాత్రం ఆ మాటెత్తితే చాలు, మడమ గీకడం ఆపేసేవాడు.

"థూ! గవి గోల్సా? ఉత్తుత్తి గోల్స్."

ఉత్తుత్తి అనే మాట ఆయన నోట్లో తిట్టు కంటే హీనంగా వినిపించేది. పిల్లలాటలోని మాట అంత ఏవగింపుగా ఎలా అంటాడో అని నవ్వుకునేవాణ్ణి.

ఇక గ్రాండ్ టెస్టులు. మా సెంటర్‌లో నెలకొకటి, ఆదివారం పొద్దున. అసలు పరీక్ష లేనప్పుడు ఇదే పరీక్ష. మంగళవారం ర్యాంకుల లిస్టు గోడకెక్కేది, మొదటి పేరు అన్నదే. ఎప్పుడూ అన్నదే. మేము ఇంకా రెండో పేజీ దగ్గర తలలు గీరుకుంటుంటే ఆయన పేపరిచ్చేసి, చెప్పులు టపటపలాడిస్తూ మా మధ్య నుంచి వెళ్ళిపోయేవాడు. ఆ చప్పుడుకి నాకు వచ్చిన జవాబులు కూడా మరిచిపోయేవాణ్ణి. రోజంతా బత్తాయిలు తిని పడుకునే మనిషి ఎప్పుడు చదివాడో అర్థమయ్యేది కాదు. తెలివి అంటే ఇదే కాబోలు, మనకు లేదు కాబోలు అనుకునేవాణ్ణి. ఒక్కో టెస్టుకీ ఆ 'కాబోలు' కొంచెం కొంచెం గట్టిపడింది.

ఎల్బీనగర్ చౌరస్తాలో ఒకరోజు వంటావార్పు పెట్టారు. ఉద్యమకారులు రోడ్డుకి అడ్డంగా రాళ్ళ పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే పంక్తి వేసి తిన్నారు. అన్న మమ్మల్నీ తీసుకెళ్ళాడు. శ్రీశైలం వడ్డనలో దూరాడు. అన్న, నేను డివైడర్ మీద విస్తరాకులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. నా జేబులో నెట్ సెంటర్‌లో తీయించిన ప్రింటు ఉంది. ప్రీసీజన్‌లో ఎవరెన్ని గోల్స్ కొట్టారో దాని నిండా ఉంది.

"ఈసారి జడలోణ్ణి తీసుకున్నానన్నా. కెప్టెన్ కూడా వాడే," అన్నాను.

నోట్లో ముద్ద ఉండగానే థూ అన్నాడు. మెతుకులు నా ప్యాంటు మీద పడ్డాయి.

"ఎందుకు తీస్కున్నవ్?"

"నాలుగు మ్యాచుల్లో ఆరు గోల్స్ కొట్టాడు."

"ఎవ్వలి మీద కొట్టిండు?"

ప్రింటులో అది లేదు.

"కొట్టినోన్ని చూడకు తమ్మీ, కొట్టనిచ్చినోన్ని చూడు. ఆడ అడ్డం వచ్చెటోడు ఎవ్వడు? గా మ్యాచులు ఎందుకు పెడ్తరనుకున్నవ్? అంగీలు అమ్ముకునెటందుకు. వాళ్ళకు మొఖమొకటి కావాలె. గోల్ పడాలె, ఫోటో దిగాలె, జనం వచ్చి అంగీలు కొనాలె. గంతే."

"అయితే ప్రీసీజన్ అంతా దండగేనా?"

"దండగెట్లయితది? గోల్స్ దండగ. ఎన్ని నిమిషాలు ఆడిండు, ఏడ నిలబడ్డడు, పెనాల్టీ ఎవ్వలికిచ్చిండ్రు, కాలు మంచిగున్నదా లేదా, గవి చూస్కో. నువ్వు ఏడ తప్పుతున్నవో తెల్సుకునెతందుకు పెట్టింది గది. పక్కోడెన్ని కొట్టిండో లెక్క పెట్టెతందుకు కాదు."

ఆటగాళ్ళ గురించి చెబుతూ చెబుతూ 'నువ్వు' అన్నాడు. నేను పట్టించుకోలేదు.

"మా ఇంట్ల నూలుకు కట్లు కట్టి రంగుల ముంచుతరు," అన్నాడు, విస్తట్లో అన్నం మీద వేలితో గీతలు గీస్తూ. "కట్లిప్పినప్పుడు జూడాలె, రంగు ఎంత మంచిగ కొడ్తదో! మా నాయిన గప్పుడు ఎవ్వలికి సూపియ్యడు. మగ్గమెక్కి, పువ్వు మీద పువ్వు కూసుంటెనే చీర. పక్కకు జరిగిందనుకో, అప్పటిదాంక సూశినదంత ఉత్తుత్తిదే."

నా వైపు చూడకుండా చెప్పాడు ఇదంతా. అంతలో ఎవరో నినాదమెత్తుకున్నారు. అన్న అన్నం చెయ్యే పైకెత్తి గొంతు కలిపాడు. నేను ప్రింటు మడిచి జేబులో పెట్టుకున్నాను. జడలోణ్ణి మాత్రం మార్చలేదు.

చివరికి నిజంగానే నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష తేదీ కూడా ఇచ్చారు. అదే ఆదివారం ఎల్బీనగర్‌లో మా నాన్న స్నేహితుడి టైల్స్ షోరూమ్ ఓపెనింగ్. నన్ను అక్కడ పనికి పెట్టుకుంటానని ఆయన మాటిచ్చాడు. నాన్న రిటైర్మెంట్ దగ్గరపడింది.

"ఏరా, ఆ పరీక్ష మీద నీకు నమ్మకముంటే వెళ్ళు, నేను కాదనను," అన్నాడు నాన్న. "లేదంటే ఆదివారం పొద్దున్నే షోరూమ్ దగ్గరుండు. ఆయన మళ్ళీ అడగడు."

నమ్మకం ఉందో లేదో తేల్చుకోవడానికి నాకున్న కొలత ఒక్కటే, చివరి గ్రాండ్ టెస్టు. లిస్టు వచ్చింది. అన్న ఒకటి. నేను నలభై ఒకటి. శ్రీశైలం యాభై ఎనిమిది. హాల్ టికెట్‌నీ, లిస్టు జిరాక్స్‌నీ అట్లాసులో పెట్టి మూసేశాను.

ఆ శుక్రవారం రూమ్‌లో నా పుస్తకాలు సర్దుకుంటుంటే అన్న లేచి కూర్చున్నాడు. అప్పటికి ఫుట్‌బాల్ సీజన్ మొదలై చాలా వారాలైంది.

"జడలోడు ఎన్ని గోల్స్ కొట్టిండు?" అని అడిగాడు.

"ఒక్కటీ లేదు. బెంచి మీద కూర్చుంటున్నాడు."

"మరి?"

"మరేంటి?"

"మరి పరీక్షకెందుకు పోతలేవ్?"

నాకు ఒళ్ళు మండింది. ఫుట్‌బాల్‌కీ దీనికీ సంబంధమేంటి?

"ఫస్ట్ ర్యాంకు నీది. నీకేంలే అన్నా, ఎన్ని కబుర్లయినా చెబుతావు. నలభై ఒకటో వాడి బాధ నీకేం తెలుసు?"

ఆయన నోరు తెరిచాడు. ఏదో చెప్పబోతున్నట్టే ఉంది. నేను చేతిలో పుస్తకంతో అలాగే నిలబడ్డాను. ఆయన బ్లేడు ముక్క తీసుకుని మడమ గీకడం మొదలుపెట్టాడు. రెండుసార్లు గీకి, "థూ" అన్నాడు, గోడ వైపు చూసి. నన్నే అన్నాడనుకుని మెట్లు దిగి వచ్చేశాను.

ఆదివారం షోరూమ్ ముందు కొబ్బరికాయ నేనే కొట్టాను. ఎదురు రోడ్డు మీద హాల్ టికెట్లు పట్టుకున్నవాళ్ళు ఆటోల్లో కిక్కిరిసి పోతుంటే, వచ్చినవాళ్ళకు కూల్ డ్రింకులు అందించాను.

ఫలితాలొచ్చాక మా ముగ్గురిలో ఉద్యోగం వచ్చింది శ్రీశైలానికి. సెంటర్‌లో ఉండిపోయిన నా సర్టిఫికెట్లు తెచ్చుకోవడానికి కొన్నాళ్ళకి వెళ్ళాను. అక్కడ జిరాక్స్ మిషన్ దగ్గర పనిచేసే యాదమ్మ కాగితాలు వెతుకుతోంది. అన్న ర్యాంకు ఎంతొచ్చిందో అని మాటవరసకు అడిగాను.

"ఆయన రాసిండా సార్, ర్యాంకు రానీకె?" అంది. "ఆయనెక్కడ రాస్తడు! ఈడ టెస్టు పేపరు శనారమే ఇస్తుండె గద ఆయనకు. నేనే జిరాక్స్ తీసి, పేపర్ల చుట్టి చేతికిస్తుంటి. మొఖం మంచిగుంటదని ఫోటోకు డైరెక్టర్ సారే పట్టుకున్నడు."

బయటికొచ్చి చూస్తే ఫ్లెక్సీ ఇంకా వేలాడుతోంది, ఒక మూల ఊడిపోయి.

అన్నను గడ్డిఅన్నారం మార్కెట్‌లో పట్టుకున్నాను. ఎక్కడ దొరుకుతాడో తెలుసు. బత్తాయి రాశి ముందు గొంతుక్కూర్చుని, పై పండ్లు పక్కకు నెట్టి, అడుగున చెయ్యిపెట్టి ఏరుతున్నాడు.

"పేపరు ముందే ఇచ్చేవాళ్ళట," అన్నాను.

తలెత్తి చూశాడు. కాదనలేదు. చేతిలో పండు ఒలవడం మొదలుపెట్టాడు.

"నాకు ఏజ్ బారై రెండేండ్లాయె తమ్మీ. అప్లయ్ చేసెతందుకే లేదు. ఇంట్ల చెప్పలే. ఫ్లెక్సీ మీద ఫోటో చూసి మా అమ్మ ఊరంత చెప్పుకున్నది. ఇగ ఏం చెప్పాలె?"

చిన్నప్పుడు మా వీధిలో మరీ చిన్నపిల్లలను ఆటలో అరటిపండు చేసేవాళ్ళం. వాళ్ళు ఔటైనా ఔట్ కాదు, కొట్టినా పరుగు లెక్క కాదు. ఏడవకుండా ఉండటానికి ఆడనిస్తామంతే. రెండేళ్ళపాటు నేను పోటీపడి కుమిలిపోయింది ఆటలో అరటిపండుతో అని ఆ మార్కెట్‌లో తెలిసింది.

"నాకైనా చెప్పాల్సింది కదన్నా!"

"చెప్పిన గద."

"ఎప్పుడు చెప్పావు?"

"ఎల్బీనగర్ల. అన్నం తినుకుంట."

"అది ఫుట్‌బాల్ గురించి!"

"అంతకంటె ఎట్ల చెప్పాలె తమ్మీ?" అన్నాడు. "నాతోని గంతే అయింది."

ఒలిచిన బత్తాయి రెండు చేసి సగం నా చేతిలో పెట్టాడు. ఆయన గోళ్ళలో నల్లటి మట్టి ఉంది. నేను ఆ సగాన్ని కావాలనే వదిలేశాను. కుళ్ళిన ఆకుల్లో, బురదలో పడింది. ఆయన వంగి దాన్ని తీసుకుని, చొక్కాకి తుడుచుకుని, తిన్నాడు. గింజలు మాత్రం ఊయలేదు, అవీ మింగేశాడు. అదే ఆఖరిసారి చూడటం. తర్వాత ఊరికి పోయి మగ్గం దగ్గర కూర్చున్నాడని శ్రీశైలం చెప్పాడు.

ఇప్పుడు ఫోన్‌లో మా పాత బ్యాచ్ గ్రూపు మోగుతూనే ఉంది. 'జీనియస్ అన్నా నువ్వు.' 'గ్రాండ్ టెస్ట్ కింగ్.' 'ఫస్ట్ ర్యాంకంటే నువ్వే గుర్తొస్తావు.' చేతులు జోడించిన బొమ్మలు. చదువుతున్నకొద్దీ అసహ్యం గొంతు దాకా వచ్చింది. నిజం రాసేద్దామని మొదలుపెట్టాను. నా పరీక్ష పోయింది ఈయన వల్లే, వీళ్ళందరికీ తెలియాలి అనుకున్నాను. రుజువుంటే మంచిదని అటక మీద నుంచి అట్లాసు దించాను.

జిరాక్స్ అందులోనే ఉంది, హాల్ టికెట్ పక్కన. ఎన్నో ఏళ్ళుగా నేను చేయని పని ఒకటి చేశాను. పెన్ను తీసి మొదటి పేరు కొట్టేసి, కింది నంబర్లన్నీ ఒక్కొక్కటీ దిద్దుకుంటూ వచ్చాను. నలభై ఒకటి నలభై అయింది. అంతే. అన్న పోతే నాకు వచ్చింది ఒక్క ర్యాంకు. నన్ను పరీక్షకు వెళ్ళకుండా ఆపిన మిగతా ముప్ఫై తొమ్మిది పేర్లలో మోసమేమీ లేదు. ఇన్నేళ్ళుగా అన్నీ కలిపి ఒక్కడి నెత్తిన రుద్దాను.

కిందికి దిద్దుకుంటూ వెళితే శ్రీశైలం యాభై ఏడు అయ్యాడు. ఉద్యోగం వచ్చింది ఆ యాభై ఏడుకే.

థూ అన్నాను, పైకే. ఈసారి అన్నను కాదు.

పరీక్షకు ముందు శనివారం సాయంత్రం శ్రీశైలం వనస్థలిపురం దాకా వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, "నువ్వెట్లైన పోతలేవ్ గద, నీ పెన్ను మంచిగ రాస్తది, ఇయ్యవా?" అన్నాడు. ఇచ్చాను. ఆల్ ద బెస్ట్ అని కూడా చెప్పాను.